కోసిన ముక్క కథ వేరు, పంపిన ముక్క కథ వేరు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఫ్యాక్టరీల్లో వాడే సీటీ స్కాన్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. వస్తువును కోయకుండా, పగలగొట్టకుండా దాని కడుపులో ఏముందో చూడొచ్చన్న సంగతిని తెలుగులో అంత సులువుగా చెప్పినవాళ్లు తక్కువ. ఆ మేరకు సంతోషం. కానీ చివర్లో ఒక మాట అన్నారు, ఇక మీదట లోపమున్న వస్తువు ఫ్యాక్టరీ గేటు దాటే ప్రసక్తే ఉండదని. అది చదివేసరికి చేతిలో టీ చల్లారిపోయింది. బాలానగర్‌లో కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసే ఒక చిన్న అల్యూమినియం ఫౌండ్రీలో 1987 నుంచి 2018 దాకా క్వాలిటీ చూసినవాణ్ణి నేను. లోపం లేని పోత వస్తువును ఆ 31 ఏళ్లలో చూడలేదు. సీటీలో చూడటం మొదలయ్యాక ఆ ఆశ కూడా పోయింది. ఉత్తరం కొంచెం పొడుగ్గా ఉంటుంది. చోటు లేకపోతే కత్తిరించండి గానీ అంకెలు మాత్రం మార్చకండి.

మా ఇంట్లో టీవీ పక్కన ఒక అల్యూమినియం ముక్క ఉంటుంది. మా ఆవిడ కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా వాటి మీద పెడుతుంది. అది ఒక నీటి పంపు బాడీలో సగం. 2014 వానాకాలంలో మేమే కోశాం.

అప్పట్లో పుణె వైపు ఒక పంపుల కంపెనీకి నెలకు 240 బాడీలు పంపేవాళ్లం. లోహం ఎల్‌ఎం 25, అంటే సుమారు 7 శాతం సిలికాన్, కాస్త మెగ్నీషియం కలిపిన అల్యూమినియం. గ్రావిటీ డైలో, అంటే లోహం తన బరువుతోనే దిగి నిండే లోహపు అచ్చులో పోసేవాళ్లం. అక్కడికి వెళ్లాక వాళ్లు మెషినింగ్ చేసి, అంటే లేత్ మీద చెక్కి, లోపల గాలి నింపి, నీళ్ల తొట్టిలో ముంచుతారు. ఎక్కడన్నా బుడగ లేచిందా, ఆ బాడీ మాకు వెనక్కే. జూలైలో వందకు పది, పన్నెండు చొప్పున వెనక్కి రావడం మొదలైంది. లారీ కిరాయి మాది, మెషినింగ్ ఖర్చు మాది, తిట్లు కూడా మావే.

డొల్ల, అంటే లోహం లోపలి ఖాళీ, ఎక్కడుందో చూడాలి కదా. మాకు తెలిసింది ఒకటే దారి, కోయడం. వెనక్కి వచ్చిన బాడీల్లో ఐదింటిని బ్యాండ్‌సా మీద కోశాం. కోసిన ముఖాన్ని ఎమరీ పేపర్‌తో నునుపు చేసి, పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టాం. ఎక్కడన్నా పగులో రంధ్రమో ఉంటే ఎర్ర చుక్క పైకి తేలుతుంది. ఐదింటిలో ఒక్క చుక్క లేదు. ఆరోదాన్ని కోస్తే రెండు సగాల మీదా సరిగ్గా ఒకే చోట చిన్న ఎర్ర గీత కనిపించింది. వేలితో తడిమితే గుంట అంచు తగులుతోంది గానీ గుంట లేదు. అర్థం కావడానికి కాసేపు పట్టింది. మా రంపం కోత ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. మేము వెతుకుతున్న డొల్ల మధ్య భాగం ఆ మందంలోనే పోయింది. రజను అయిపోయి కింద ట్రేలో పడింది. చూడటానికి కోశాం, కోసినందుకే చూడలేకపోయాం. ఆ ఆరోదాంట్లో సగమే మా ఆవిడ బిల్లుల మీద ఉన్నది.

పుచ్చకాయల బండి దగ్గర ముక్కోణంగా గాటు పెట్టి ఎర్రటి ముక్క చూపిస్తాడు చూడండి, అదీ ఇదీ ఒకటే. గాటు పెట్టిన కాయ సంగతి తెలుస్తుంది, పక్కన ఉన్న కాయ సంగతి తెలియదు. గాటు పెట్టాక ఆ కాయను మనమే కొనుక్కోవాలి. ఫౌండ్రీలో అయితే కోసిన ముక్కను తిరిగి కొలిమిలో వేసుకోవాలి.

ఫిల్మ్ రేడియోగ్రఫీ, అంటే ఫిల్మ్ మీద ఎక్స్‌రే తీయడం, ఉంది కదా అనొచ్చు. తీయించాం. ఒక ల్యాబ్‌కు రెండు బాడీలు పంపాం. ఫిల్మ్ మీద ఒక నల్ల మచ్చ వచ్చింది. ఆ మచ్చ ముందు గోడలో ఉందా, వెనక గోడలో ఉందా, మధ్యలో దిమ్మెలా మందంగా ఉండే బాస్‌లో ఉందా? ఫిల్మ్ చెప్పదు. నాలుగు ట్రేసింగ్ పేపర్ల మీద నాలుగు బొమ్మలు గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఎలా ఉంటుందో ఎక్స్‌రే ఫిల్మ్ అలా ఉంటుంది. అన్ని పొరల నీడా కలిసి ఒకే నీడ. చదునైన ప్లేటుకు, వెల్డింగ్ జాయింటుకు ఫిల్మ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కాదనను. మెలికలు తిరిగిన పంపు బాడీకి మాత్రం కాదు.

ఈలోగా మాకు మేమే కారణం తేల్చేసుకున్నాం. వానాకాలం, గాలిలో తేమ, కాబట్టి హైడ్రోజన్. కరిగిన అల్యూమినియం తేమ నుంచి హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్ని తనలో ఉంచుకునే శక్తి దాదాపు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. మిగిలిన గ్యాస్ బుడగలై లోపలే ఉండిపోతుంది. ఇది ఫౌండ్రీలో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. అందుకని ఇంగట్లను, అంటే కరిగించే లోహపు దిమ్మెలను, పొయ్యి గట్టున పెట్టి ఆరబెట్టాం, గరిటెలు వేడి చేశాం, హైడ్రోజన్‌ను బయటికి తరమడానికి నైట్రోజన్ పట్టించే సమయం పెంచాం. నాలుగు నెలలు ఇదే పని. అక్టోబరులో వానలు ఆగాయి. బుడగలు ఆగలేదు.

నవంబరులో పంపుల కంపెనీయే ఒక బాడీకి సీటీ తీయిద్దాం, మీ మనిషి కూడా రావాలంది. బెంగళూరులో ఒక ల్యాబ్. మెషినింగ్ చేయని బాడీ ఒకటి తువ్వాలులో చుట్టి, బ్యాగులో పెట్టుకుని రైలెక్కాను. స్టేషన్‌లో పోలీసాయన బ్యాగు తెరిపించి ఇదేంటన్నాడు. పంపు బాడీ సార్, స్కాన్ కోసం తీసుకెళ్తున్నా అన్నాను. ఆయన నన్ను ఒకసారి, దాన్ని ఒకసారి చూసి పొమ్మన్నాడు.

మెషీన్ నడిపేది శ్రీకాకుళం అమ్మాయి. తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. సీసం తొడిగిన పెద్ద బీరువాలాంటి గది, బరువైన తలుపు. లోపల ఒక పక్క ఎక్స్‌రే ట్యూబు, ఇంకో పక్క పలకలాంటి డిటెక్టర్, మధ్యలో తిరిగే బల్ల. ఆసుపత్రి సీటీలో మనిషి కదలకుండా పడుకుంటాడు, చుట్టూ మెషీన్ తిరుగుతుంది. ఇక్కడ మెషీన్ కదలదు, వస్తువే తిరుగుతుంది. పంపు బాడీకి కళ్లు తిరగవు కదా.

నేను లెవెల్ చూసి నిటారుగా నిలబెట్టబోతే ఆ అమ్మాయి వద్దంది. థర్మోకోల్ దిమ్మె కోసి, అందులో బాడీని ఒక పక్కకు వంచి కూర్చోబెట్టింది.

"ఇదేంటమ్మా, వంకరగా పెట్టావు?"

"సార్, మీ బాడీకి పెద్ద ఫ్లాంజి, అదే ఆ చదునైన అంచు, ఉంది కదా. నిటారుగా పెడితే ఆ చదును మొత్తం కిరణానికి వాటంగా నిలబడిపోద్ది. కిరణం అడ్డంగా అంత లోహం దాటి రావాలి, అక్కడ బొమ్మ పాడైపోద్ది. వంచితే ఏ కోణంలో చూసినా దాటాల్సిన లోహం కాస్త తగ్గుద్ది."

"మరి థర్మోకోల్ ఎందుకు?"

"అది ఎక్స్‌రేకి దాదాపు గాలితో సమానం సార్. ఇనప క్లాంపు పెడితే బొమ్మంతా అదే కనిపిస్తది."

అప్పటికి ఇరవై ఏడేళ్ల సర్వీసు నాది. ఐదు నిమిషాల్లో రెండు పాఠాలు.

ట్యూబును వేడెక్కించి, 225 కిలోవోల్టుల దాకా పోయే మెషీన్‌ను అంతకన్నా కాస్త తక్కువలో పెట్టింది. పావు డిగ్రీ తిప్పడం, రెండు సెకన్లు ఒక బొమ్మ తీయడం, మళ్లీ పావు డిగ్రీ. ఒక చుట్టు పూర్తయ్యేసరికి 1,440 బొమ్మలు, 48 నిమిషాలు. ఒక్కో బొమ్మ మామూలు ఎక్స్‌రే నీడే. ఆ నీడలన్నిటి నుంచి కంప్యూటరు లోపలి రూపాన్ని లెక్కగట్టి తీస్తుంది. ఎలా తీస్తుందో మీ పాఠకులకు సులువుగానే అర్థమవుతుంది, ఎందుకంటే మీ అనుబంధంలో వచ్చే అంకెల గళ్ల పజిల్ అదే. అడ్డం వరసల మొత్తాలు ఇస్తారు, నిలువు వరసల మొత్తాలు ఇస్తారు, గళ్లలో ఏ అంకె ఉందో మనం కనుక్కోవాలి. ఇక్కడ ఒక్కో కిరణం దాటి వచ్చిన లోహమంతా ఒక మొత్తం. రెండు దిక్కులు కాదు, 1,440 దిక్కుల మొత్తాలున్నాయి. గళ్లు కోట్లలో ఉంటాయి. ఇలా లెక్కగట్టడం సాధ్యమేనని ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే రాశాడు. లెక్క చేసి పెట్టే కంప్యూటర్ కోసం అర్ధ శతాబ్దం ఆగాల్సి వచ్చింది.

మీ వ్యాసంలో సీటీని వైద్యుల వరంగా మొదలుపెట్టి, ఆ తర్వాత ఫ్యాక్టరీలకు వచ్చిందని రాశారు. స్కానర్ వరకు నిజమే. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ ఈఎంఐ కంపెనీ ఇంజనీరు. గ్రామఫోను రికార్డుల కంపెనీ ఈఎంఐయే అది. ఆయన మొదటి ప్రయోగశాల స్కాన్‌కు 28,000 కొలతలు తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది, వాటిని కంప్యూటర్ లెక్కగట్టడానికి రెండున్నర గంటలు. మొదటి రోగికి లండన్‌లో స్కాన్ తీసింది 1971 అక్టోబరు 1న. 1979లో ఆయనకూ, విడిగా అదే లెక్క చేసిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. కానీ ఎక్స్‌రేకు మాత్రం మొదటి నుంచీ లోహంతో చుట్టరికం ఉంది. రాంట్‌జెన్ 1895 డిసెంబరులో రాసిన మొట్టమొదటి వ్యాసంలోనే చేతి ఎముకల నీడతో పాటు, చెక్కపెట్టెలో మూసిన తూకపు రాళ్లనూ, లోపల ఒకే తీరుగా లేని ఒక లోహపు ముక్కనూ ఫోటో తీశానని రాశాడు. ఎముకలు పేరు తెచ్చుకున్నాయి. మా లోహపు ముక్కను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

సరే, బెంగళూరు. ఆ అమ్మాయి మౌస్ చక్రం తిప్పుతుంటే బాడీ పైనుంచి కిందికి పొరలు పొరలుగా కదులుతోంది, ఉల్లిపాయను అడ్డంగా చక్రాలు తరిగినట్టు. లోహం తెల్లగా, గాలి నల్లగా. సీలు కూర్చునే ముఖం కిందికి రాగానే చెయ్యి ఆపింది. డొల్ల కనిపించింది. నాలుగు నెలలు నేను ఊహించుకున్న గుండ్రటి బుడగ కాదది. వేరులా ఉంది. గరుకు అంచులు, మూడు నాలుగు పాయలు. ఒక పాయ కొస సీలు ముఖానికి రెండున్నర మిల్లీమీటర్ల లోతులో ఉంది, ఇంకో పాయ నీటి దారి గోడను దాదాపు తాకుతోంది. మెషినింగ్‌లో ఆ ముఖం మీద తీసేది మూడు మిల్లీమీటర్లు. అంటే మా దగ్గర నుంచి పోయేటప్పుడు మూసుకునే ఉంది, పుణెలో లేత్ మీద తెరుచుకుంటోంది.

ఆకారం చూడగానే నాకు నోట మాట రాలేదు. గ్యాస్ అయితే బుడగ నున్నగా, గుండ్రంగా ఉంటుంది. వేర్లలా, పీచులా ఉంటే అది ష్రింకేజ్. అల్యూమినియం గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 6 శాతం కుంచించుకుపోతుంది, ఆ లోటును రైజరు అనే అదనపు లోహపు నిల్వ నుంచి కరిగిన లోహం వచ్చి పూడ్చాలి. మా బాడీలో 22 మిల్లీమీటర్ల బాస్ పక్కనే 6 మిల్లీమీటర్ల పలచటి గోడ ఉంది. రైజరు ఆ గోడకు అవతల ఉంది. గోడ ముందు గడ్డకట్టి దారి మూసేసింది. బాస్ ఆకలితో మాడి, లోపల చీలికలైంది. అంటే నాలుగు నెలలు మేము హైడ్రోజన్‌ను కొట్టాం, దొంగ రైజరు. వానకూ దీనికీ సంబంధమే లేదు. జూన్‌లో డై రిపేరు చేసినప్పుడు ఎవరో రైజరు మెడ సన్నం చేశారు, వానలు కూడా అప్పుడే మొదలయ్యాయి, అంతే.

రైజరును బాస్ మీదికి జరిపాం. డైలో ఆ చోట త్వరగా చల్లబడేలా రాగి ముక్క బిగించాం. తర్వాతి లాటులో 240కి రెండే వెనక్కి వచ్చాయి. ఒక్క స్కాన్ నాలుగు నెలల చాకిరీకి సమాధానం చెప్పింది. సీటీ గొప్పతనం ఇక్కడుంది. లోపం ఉందని చెప్పడం కాదు, దాని రూపం చూపించడం. రూపం తెలిస్తే కారణం తెలుస్తుంది.

ఇక ఏది కనిపించదో కూడా చెప్పాలి, మీ వ్యాసం అక్కడికి వెళ్లలేదు. ఆ డిటెక్టర్ అడ్డంగా రెండు వేల చుక్కలు. మా బాడీ 160 మిల్లీమీటర్ల వెడల్పు. భాగిస్తే ఒక్కో చుక్కకు 80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంతకన్నా సన్నటి వెంట్రుకలాంటి పగులు ఉంటే చాలాసార్లు బొమ్మలో కలిసిపోతుంది. ఐదు మిల్లీమీటర్ల చిన్న నమూనా పెడితే రెండు మూడు మైక్రాన్ల దాకా దిగొచ్చు. చిన్నప్పుడు లాంతరు ముందు చెయ్యి పెట్టి గోడ మీద కుందేలు బొమ్మ వేసేవాళ్లం కదా, చెయ్యి దీపానికి దగ్గరైతే నీడ పెద్దదవుతుంది. అలాగే వస్తువు ట్యూబుకు దగ్గరైతే బొమ్మ పెద్దదవుతుంది. కానీ దీపం వత్తి లావుగా ఉంటే నీడ అంచు చెదిరిపోతుంది. ట్యూబులో ఎక్స్‌రే పుట్టే చుక్క కూడా సన్నగా ఉండాలి. శక్తి పెంచితే ఆ చుక్క లావవుతుంది. పెద్ద వస్తువు కావాలా, సన్నటి వివరం కావాలా, రెండూ ఒకేసారి అంటే కుదరదు.

ఉక్కు, పోత ఇనుము అయితే ఇంకా కష్టం. అల్యూమినియం దాటినంత సులువుగా ఎక్స్‌రే వాటిని దాటదు. ఒకసారి ఉక్కు బుష్, అంటే చిన్న ఉక్కు గొట్టం, బిగించిన బాడీ స్కాన్ చేయించాం. బుష్ చుట్టూ తెల్ల చారలు, నల్ల చారలు. ఇదిగో పగులు అని గట్టిగా అరిచాను. "పగులు కాదు సార్, ఉక్కు నీడలు" అని నవ్వింది ఆ అమ్మాయి. కిరణంలో మెత్తటి, అంటే శక్తి తక్కువ, భాగం ఉక్కులోనే ఆగిపోయి, గట్టి భాగం మాత్రమే బయటికి వస్తే లెక్క తప్పి అలాంటి దొంగ చారలు వస్తాయట. నాలాంటివాడు ఒంటరిగా ఆ బొమ్మ చూసి ఉంటే మంచి లాటును తుక్కులో వేసేవాడు.

మా ఓనరు గారి బంధువు ఒకాయన, అంత దూరం ఎందుకు, అమీర్‌పేటలో స్కానింగ్ సెంటర్లు లేవా అన్నాడు. ఆసుపత్రి మెషీన్ మనిషి కోసం చేసింది. దాని ట్యూబు సాధారణంగా 140 కిలోవోల్టుల దగ్గర ఆగుతుంది, చూపించగల వివరం సుమారు అర మిల్లీమీటరు. గుడ్డ చుట్టి దాచిన పాతకాలపు శవానికి, అంటే మమ్మీకి, అది చాలు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఏడో నిజాం కాలం నుంచి ఉన్న ఈజిప్టు మమ్మీకి 2016లో ఎక్స్‌రే, సీటీ తీశారు. గుడ్డ చుట్టలు విప్పకుండా ఎముకలు చూడాలంటే అంతకన్నా దారి లేదు, మమ్మీ ఒక్కటే ఉంది మరి. గ్రీసులో సముద్రం అడుగున దొరికిన ఆంటికిథెరా యంత్రం, గ్రహాల గతులు లెక్కగట్టే పాతకాలపు పరికరం, దానిదీ అదే సంగతి. రెండు వేల ఏళ్ల కంచు పళ్ల చక్రాలు తుప్పు పట్టి రాయిలా అతుక్కుపోయాయి. దాన్ని ఏథెన్స్ మ్యూజియం నుంచి కదిలించలేక, 2005లో టన్నుల బరువున్న 450 కిలోవోల్టుల మెషీన్‌నే అక్కడికి మోసుకెళ్లారు. లోపల దాగిన పళ్లు లెక్కపెట్టారు, ఎవరూ చదవని అక్షరాలు చదివారు. ఒక్కటే ఉన్న వస్తువును ఎవరూ కోయరు. 240 ఉంటేనే మాలాంటివాళ్లకు రంపం మీదికి చెయ్యి పోతుంది.

ఇప్పుడు అసలు బాధకు వస్తాను.

రైజరు మార్చాక మరుసటి ఏడాది ఆర్డరు వచ్చింది. డ్రాయింగ్ మీద కొత్తగా ఒక లైను చేరింది: పోరోసిటీ (లోపలి డొల్లలు) ఉండరాదు. ఎక్కడ ఉండరాదు, ఎంత సైజు దాటితే ఉండరాదు, ఏమీ లేదు. ఓనరు గారు సంతకం పెట్టేశారు, ఆర్డరు పోతుందని భయం. మూడు నెలలకు ఒక సీటీ రిపోర్టు వచ్చింది. బాడీలో పోరోసిటీ 0.4 శాతం, లాటు రిజెక్ట్. ఒక్కటీ లీక్ కాలేదు, నీళ్ల తొట్టిలో ఒక్క బుడగ లేదు. అయినా రిజెక్ట్. అంతకుముందు ఏ కళ్లకూ కనిపించని చిన్న డొల్లలు ఇప్పుడు రంగుల్లో కనిపిస్తున్నాయి, పైగా ఎర్ర రంగు. ఎర్రగా కనిపిస్తే ఎవరికైనా టెన్షనే.

అదే బాడీని ఇంకో ల్యాబ్‌కు పంపాం. 1.1 శాతం వచ్చింది. మొదట వాళ్లు తప్పో వీళ్లు తప్పో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఇద్దరూ తప్పు కాదు. నల్లటి గాలికీ తెల్లటి లోహానికీ మధ్య బూడిదరంగు అంచు ఉంటుంది. ఎక్కడిదాకా గాలి, ఎక్కడి నుంచి లోహం అన్న గీత కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి గీస్తాడు. గీత కొంచెం జరిగితే శాతం మారుతుంది. పైగా శాతం దేనిలో? ఒక డొల్ల మొత్తం బాడీలో లెక్కిస్తే అర శాతం కూడా కాదు. అదే డొల్ల చుట్టూ చిన్న పెట్టె గీసి అందులో లెక్కిస్తే 5 శాతం. కాగితం మీద ఏ అంకె కావాలంటే ఆ అంకె వస్తుంది.

నా మొండితనం కొద్దీ ఒక పని చేశాను. మిర్యాలగూడ దగ్గర మా బావ పొలంలో 2010లో మేము పోసిన బాడీతోనే చేసిన పంపు ఒకటి నడుస్తుండేది. 2016లో మోటారు కాలిపోయి దాన్ని విప్పారు. బావను అడిగి ఆ బాడీ తెచ్చుకున్నాను. ఓనరు గారు గొణుక్కుంటూనే స్కాన్‌కు డబ్బు కట్టారు. లోపల 17 డొల్లలు. పెద్దది 1.2 మిల్లీమీటర్లు. ఆరేళ్లు రెండు పంటలకూ నీళ్లు తోడింది, ఒక్క చుక్క కారలేదు. ఎందుకంటే ఆ 17లో ఒక్కటి కూడా సీలు ముఖం దగ్గర లేదు, బోల్టు రంధ్రం దగ్గర లేదు. అన్నీ మందపాటి చోట్ల, ఏ ఒత్తిడీ లేని చోట్ల ముడుచుకుని ఉన్నాయి. అటుపక్క, 2014లో పీడించిన డొల్ల ఒక్కటే, కానీ ఉండకూడని చోట ఉంది. ఆ 17 డొల్లల స్కాన్ ప్రింటవుట్ తీసి పుణెకు పంపాను. అటునుంచి జవాబు రాలేదు. మరుసటి ఏడాది డ్రాయింగ్‌లో మాత్రం "సీలు ముఖం నుంచి 4 మిల్లీమీటర్ల లోపల 0.5 మిల్లీమీటర్లు దాటిన డొల్ల ఉండరాదు" అని మారింది. అది సరైన వాక్యం. దానికి నేను సంతోషంగా పోస్తాను, తప్పు చేస్తే ఒప్పుకుంటాను.

జర్మనీ ఫౌండ్రీల సంఘం సీటీతో డొల్లలను ఎలా కొలవాలో, ఎలా రాయాలో చెప్పే బీడీజీ పీ 203 అనే మార్గదర్శకం తెచ్చింది. సీటీ పరీక్షలకు ఐఎస్‌ఓ 15708 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన దగ్గర కొనుగోలు విభాగాల్లో చాలామంది ఇప్పటికీ ఫిల్మ్ కాలం నాటి ఏఎస్‌టీఎం ఈ155 అనే అమెరికా ప్రమాణపు ఎక్స్‌రే పటాల పేరు రాసి, రిపోర్టు మాత్రం సీటీలో అడుగుతున్నారు. ఆ పటాలు నీడలు, సీటీది లోపలి బొమ్మ. రెండిటినీ పోల్చడమంటే చింతపండును మానికతో కొలిచి, మూరల్లో రేటు కట్టడమే.

చిన్న యూనిట్ల సంగతి కూడా మీరు రాయాల్సింది. ఇలాంటి మెషీన్ కోట్లలో ఉంటుంది. బాలానగర్‌లో, జీడిమెట్లలో, విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న ఫౌండ్రీలు ఒక్కోటీ సొంతంగా కొనలేవు, కొనక్కర్లేదు కూడా. మాకు నెలలో నాలుగు గంటలు చాలు. బాలానగర్‌లో 1968 నుంచి సీఐటీడీ అనే కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది, మా బోటి వాళ్లకు టూలింగ్ నేర్పింది అదే. చిన్న యూనిట్లకు గంటల లెక్కన సీటీ అందించాలంటే అలాంటి ఉమ్మడి సంస్థలకు మించిన చోటు లేదు. అక్కడ మెషీన్‌తో పాటు ఆ శ్రీకాకుళం అమ్మాయి లాంటి మనిషి కూడా ఉండాలి. మెషీన్‌కు టెండరు పిలిచి, నడిపేవాళ్లను మర్చిపోవడం మనకు కొత్త కాదు. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) అనుమతి, సీసం గది, చేతికో జేబుకో రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ, ఇవన్నీ ఎలాగూ తప్పవు. వాటి పక్కనే డిప్లొమా పిల్లలకు నెలకోసారి ఆ తెర ముందు కూర్చునే అవకాశం ఇస్తే, వాళ్లు నాలాగా ఇరవై ఏడేళ్ల తర్వాత గ్యాస్‌కూ ష్రింకేజ్‌కూ తేడా నేర్చుకోనక్కర్లేదు.

ఇంకో మాట ల్యాబులకు. రిపోర్టుతో పాటు అసలు డేటా ఇవ్వండి. మాకు వచ్చేది నాలుగు రంగు బొమ్మలు, ఒక శాతం. అడిగితే తమ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే ఫైలు ఇస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ మా ఫౌండ్రీ కంప్యూటర్‌లో ఎందుకు ఉంటుంది? పొరలన్నీ మామూలు బొమ్మలుగా, ఒక్కో చుక్క ఎన్ని మైక్రాన్లో, గీత ఎక్కడ గీశారో రాసి ఇస్తే చాలు, మిగతాది మేము చూసుకుంటాం. స్కాన్‌కు డబ్బు కట్టినవాడికి ఆ మాత్రం ఇవ్వాలి. బెంగళూరు అమ్మాయి అలాగే పెన్ డ్రైవ్‌లో ఇచ్చింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో మా అబ్బాయి ఇంట్లోనే తెరిచాడు. రైజరు ఎటు జరపాలో ఆ రాత్రి భోజనాల బల్ల మీద గీసుకున్నాం.

వ్యాసం రాసినవారు ఎప్పుడైనా మూసాపేట వైపు వస్తే మా ఇంటికి రమ్మనండి. ఆ పంపు బాడీ సగం ముక్క చూపిస్తాను. పదేళ్లు దాటినా ఆ ఎర్ర రంగు గీత అంచున ఇంకా పోలేదు. కాకపోతే ముందు కరెంటు బిల్లులు పక్కన పెట్టాలి, మా ఆవిడకు చెప్పి.

ఇట్లు,
బాలానగర్ ఫౌండ్రీ విశ్రాంత క్వాలిటీ ఇన్‌స్పెక్టర్,
మూసాపేట, హైదరాబాద్